చేతిరాత బాగుంటేనే తలరాత బాగుంటుందా?



పోస్టు పెద్దది, ముందే చెప్తున్నా. పరీక్షల టైంలో ఇంత పొడుగు రాస్తుందేంటి అనుకోకండి. ఇంకో పది రోజుల్లో హాస్టళ్ళు ఖాళీ అవుతాయి. అందరం పెట్టెలు సర్దుకుని గూడేలకి పోతాం. పోయే ముందే ఈ మాట మీ చెవిన వెయ్యాలనిపించింది. మన ఇళ్ళల్లో ఒకటి, రెండు, మూడు తరగతులు చదివే చిన్నపిల్లలు ఉన్నారు కదా, వాళ్ళ చేతిరాత గురించి.

ఇంత చిన్న విషయమా అని నవ్వుకోవద్దు. మన గ్రూపులో పోడు గురించి, 1/70 గురించి, జీవో నెం. 3 గురించి రోజూ మాట్లాడుకుంటాం. మాట్లాడాలి కూడా. కానీ వాటన్నిటికీ కింద ఒక పలక ఉంది, ఒక బలపం ముక్క ఉంది. దాని గురించి మనలో ఎవరూ మాట్లాడటం నేను చూడలేదు.

నేను డిగ్రీ సెకండియర్. మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక కోయ గూడెం. మా ఇంట్లో కాలేజీకి వచ్చిన మొదటిదాన్ని నేనే. అమ్మా నాన్నా ఇద్దరిదీ వేలిముద్ర. అన్న ఏడో తరగతిలో బడి మానేశాడు. వదిన అయిదు దాకా చదివింది గానీ ఇప్పుడు పేరు తప్ప ఏమీ రాయలేనంటుంది. అన్న కూతురు పోయిన ఏడాది ఒకటో తరగతి అయిపోయి రెండులోకి వచ్చింది. నేను చెప్పే సంగతంతా ఆ చిన్నదాని గురించీ, దానికంటే ఎక్కువ నా గురించీ.

పోయిన ఎండాకాలం సెలవులకి ఇంటికి పోగానే అన్న అన్నాడు, "నువ్వు ఇంత చదివినవు కదా, దీనికి కొంచెం రాత నేర్పు. కోడి గెలికినట్టు రాస్తది" అని. నాకు గర్వంగా అనిపించింది. ఆ సాయంత్రమే వాకిట్లో చాప వేసి కూర్చోబెట్టా. రెండు గీతల కాపీ కొన్నా. మొదటి పేజీ పైన అ, ఆ, ఇ, ఈ గుండ్రంగా రాసిచ్చి, "పేజీ నిండా దిద్దు, గీత దాటొద్దు" అన్నా. పక్కన స్కేలు పెట్టుకున్నా. ఎందుకు పెట్టుకున్నావంటే నా దగ్గర జవాబు లేదు. నాకు నేర్పినవాళ్ళ చేతిలో ఉండేది కాబట్టి పెట్టుకున్నా, అంతే.

మూడో లైనుకి వచ్చేసరికి అక్షరాలు గీత దాటాయి. చెరిపించా. మళ్ళీ రాసింది, మళ్ళీ చెరిపించా. చెరిపి చెరిపి కాగితం చిరిగింది. వేళ్ళ మీద ఒక్కటి వేశా, గట్టిగా ఏం కాదు. ఏడవలేదు. తల వంచుకుని రాస్తూనే ఉంది. అదే నాలుగు రోజులు నడిచింది. అయిదో రోజు పెన్సిల్ కనపడలేదు. ఇల్లంతా వెతికితే తాటాకు కప్పులో దూర్చి ఉంది. ఆ రాత్రి పడుకునేటప్పుడు నాయనమ్మతో మా కోయలో మెల్లగా అడుగుతోంది, "అత్త మళ్ళీ హాస్టల్‌కి ఎప్పుడు పోతది?" అని.

నేను పక్కనే పడుకుని ఉన్నా. నిద్ర పట్టలేదు.

అదే మాట నేను కూడా అనుకునేదాన్ని. ఆరేళ్ళకి ఆశ్రమ పాఠశాలలో వేశారు నన్ను. తెలుగు ముక్క రాదు. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు దించడం ఒక్కటే వచ్చేది. ఎంత బాగా దించేదాన్నంటే, ఒకసారి పుస్తకంలో పాఠం చూచిరాత రాయమంటే పాఠం కింద ఉన్న పేజీ నంబరుతో సహా రాసుకొచ్చా. క్లాసంతా నవ్వారు. ఎందుకు నవ్వారో నాకు అర్థం కాలేదు. అది కూడా పాఠంలో భాగమే అనుకున్నా. నా దస్తూరి బాగుందని నోటు పుస్తకం ఎత్తి చూపించిన రోజున, నేను రాసిన దాంట్లో ఒక్క లైను కూడా నేను చదవలేను. మూడో తరగతి సగం దాకా అంతే. తప్పు రాస్తే డస్టర్ అంచుతో వేళ్ళ కణుపుల మీద పడేది. ఆ బడి పేరు చెప్పను. అలాంటివి మీలో చాలామందికి తెలుసు.

"చేతిరాత బాగుంటే తలరాత బాగుంటుంది" అని మన బళ్ళల్లో గోడల మీద రాసి ఉంటుంది. దాని కింద కూర్చునే నేను పేజీ నంబర్లు దించుకున్నా. ఆ మాట మీదే నా పేచీ. అందమైన రాత వేరు, రాయడం వేరు. మన పిల్లలకి మొదటిది నేర్పడానికి రెండోదాన్ని చంపేస్తున్నాం.

అయితే చేతిరాత అక్కర్లేదంటున్నానా? కాదు. ఈ మాట అంటే కొంతమంది సీనియర్లు ఏమంటారో తెలుసు. "ఫోన్ల కాలం చెల్లీ, వాయిస్ పెడితే అదే టైపు చేస్తది, ఇంకా దస్తూరి ఏంటి?" అంటారు. ఫోన్ కాలమే. కానీ పదో తరగతి పరీక్ష చేత్తోనే రాస్తున్నాం, ఇంటర్ చేత్తోనే, డిగ్రీ చేత్తోనే. గ్రూప్-1 మెయిన్స్ కూడా చేత్తోనే. ఇంటర్ ఫస్టియర్ హిస్టరీ పేపర్‌లో పది మార్కుల ప్రశ్న ఒకటి నాకు పూర్తిగా వచ్చు. రాయలేకపోయా. గుండ్రంగా రాయాలి, గుండ్రంగా రాయాలి అని ఒక్కో అక్షరం చెక్కుకుంటూ కూర్చునేసరికి బెల్లు కొట్టారు. ఒకే గదిలో టౌన్ పిల్లలు అడిషనల్ షీట్లు అడుగుతుంటే నేను మెయిన్ బుక్‌లోనే ఉన్నా. తెలిసి కూడా మార్కులు పోవడం ఎంత కడుపుమంటో పోగొట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఇంకొకటి. మన పేర్లు ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ చేతులే రాశాయి. మా ఇంటిపేరు రేషన్ కార్డు మీద ఒక రకం, ఆధార్ మీద ఒక రకం, నాన్న బ్యాంకు పుస్తకం మీద ఇంకో రకం. అడిగినవాళ్ళు చెప్పింది కోయ నోటితో, రాసినవాళ్ళు విన్నది తెలుగు చెవితో. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడుకి దరఖాస్తు పెట్టినప్పుడు మా గూడెంలో సగం ఫారాలు ఒకాయన రాశాడు. మంచాయనే, కానీ పేర్లు తనకి వచ్చినట్టు రాశాడు. 2023లో పట్టాలు ఇచ్చిన తర్వాత ఒక్కో అక్షరం తేడాకి ఎంతమంది ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారో మీ మీ ఊళ్ళల్లో చూసే ఉంటారు. ఆ రోజు ఇంటికొకరు ఫారం చదివి, పేరు సరిగ్గా రాసి ఇచ్చేవాళ్ళుంటే ఆ తిరుగుడు చాలావరకు తప్పేది. మన పిల్లలకి రాయడం రావాలి అని నేను అనేది అందుకు. గోడ మీద బొమ్మలా ఉండటానికి కాదు.

కాబట్టి నా దృష్టిలో ఇంట్లో నేర్పాల్సినవి మూడే. ఎదుటివాళ్ళు చదవగలిగేలా రాయాలి. చెయ్యి నొప్పి పుట్టకుండా, ఆగకుండా రాయాలి. అన్నిటికంటే ముందు, రాసింది ఏంటో రాసినవాళ్ళకి తెలియాలి. ఈ మూడూ వస్తే అందం దానంతట అదే కొంత వస్తుంది. రాకపోయినా నష్టం లేదు.

పెన్సిల్ కప్పులోంచి తీసిన తర్వాత ఏం చేశానో చెప్తా. కొంత నా సొంత తెలివి, కొంత మా హాస్టల్‌లో బీఈడీ చేస్తున్న అక్కలు చెప్పింది, ఎక్కువ మా అమ్మ చెప్పింది.

మొదట వారం రోజులు కాపీ ముట్టలేదు. అమ్మ ఒకటే అంది, "దాని చేతికి పని రాదంటావేంది? పొద్దున్నే నాతో ఇప్పపువ్వు ఏరుతది చూడు" అని. నిజమే. తెల్లారగట్ల రాలిన పువ్వుని బొటనవేలు, చూపుడువేలితో నలగకుండా తీసి గంపలో వేస్తుంది. విస్తరాకు కుట్టేటప్పుడు పుల్లని సన్నగా చీల్చి ఆకుకి గుచ్చుతుంది. బియ్యంలో రాళ్ళు ఏరుతుంది. పెన్సిల్‌కి కావాల్సింది ఆ వేళ్ళ పట్టే. టౌన్ స్కూళ్ళల్లో పిల్లలకి పూసలు గుచ్చించి, మట్టి పిసికించి నేర్పే పని మన పిల్లలకి ఇంట్లోనే అయిపోతోంది. వాళ్ళ చేతులు మొద్దువి కావు. మనం ఇచ్చే పనే మొద్దుది.

తర్వాత వాగు ఒడ్డున ఇసుకలో రాశాం. పూర్వం వీధిబళ్ళల్లో కూడా ఇసుకలోనే దిద్దించేవాళ్ళు. ఇసుకలో గీత దాటడం ఉండదు, చెరిపితే చిరగదు. అక్షరం మూరెడు పొడుగు రాయొచ్చు. మొత్తం చెయ్యి కదిలించి పెద్దగా రాస్తే ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలో చేతికి గుర్తుంటుంది. ఆ తర్వాత పలక మీద తడి వేలితో, ఆ తర్వాత బలపంతో, చివరికి కాగితం మీద.

అ, ఆ వరసలో పోలేదు. అ అనేది మెలికలున్న అక్షరం, ఆరేళ్ళ పిల్లకి మొదటి రోజే అది పెట్టడం అంటే వాగు దాటడం రానివాళ్ళని గోదావరిలో దింపడమే. తేలికైన వాటితో మొదలుపెట్టాం. గ, ర. ఆ తర్వాత వ. వ వస్తే పక్కన కొమ్ములాగా సాగదీస్తే మ అవుతుంది. ప వస్తే దాని చుట్టాలు ఫ, ష పోలికతో వచ్చేస్తాయి. ర లోపల చుక్క పెడితే ఠ. ద కింద గీత పెడితే ధ. ఇలా పోలిక ఉన్నవి ఒక గుంపుగా రాయిస్తే చెయ్యి ఒకటే తిప్పు నేర్చుకుంటుంది. న, స మాత్రం ఒకే రోజు పెట్టకండి, పిల్లలు కలిపేసుకుంటారు. ఒకటి బాగా వచ్చాక రెండోది.

గుణింతాలు లేకుండానే రాయగలిగే మాటలున్నాయి. వల. పలక. పనస. జడ. రెండో వారానికి "వల" రాసింది. రాసి ఊరుకోలేదు, వాళ్ళ నాన్న వల పట్టుకొచ్చి దాని పక్కన పలక పెట్టింది. అప్పటిదాకా దానికి అక్షరం అంటే బడిలో దించాల్సిన బొమ్మ. ఆ రోజు అక్షరం అంటే వల.

తర్వాత మన మాటలు. ఇది నాకు చాలా ముఖ్యం, కొంచెం ఆగి చదవండి. మా కోయలో ఏరు అంటే నీళ్ళు. తెలుగులో ఏరు అంటే వాగు. మా కోయలో లోన్ అంటే ఇల్లు. బయట లోన్ అంటే ఏంటో మీకు తెలుసు, మన ఇళ్ళల్లో అది కూడా ఉంది. ఈ రెండు మాటలూ తెలుగు అక్షరాల్లో రాయించా. రాసి, చదివి, పకపకా నవ్వింది. "ఇది మన మాట కదా, దీన్ని కూడా రాయొచ్చా?" అని అడిగింది. ఏడేళ్ళ పిల్లకి తను ఇంట్లో మాట్లాడేది కాగితం మీద పెట్టొచ్చని తెలియదు. నాకు పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా తెలియదు.

ఇది కొత్త ఆలోచన కాదు. శ్రీకాకుళం వైపు గిడుగు రామమూర్తి గారు వందేళ్ళకి పైగా కిందటే సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం సవరలోనే వాచకాలు తయారుచేశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేస్తారు. ఆ రోజు సభల్లో ఆయన సవర పని గురించి చెప్పేది తక్కువ. ఉమ్మడి రాష్ట్రంలో కూడా గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, బంజారా, ఆదివాసీ ఒడియా, మొత్తం 8 భాషల్లో చిన్న తరగతులకి పుస్తకాలు తెచ్చారు. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. మన లిపులు రావాలి, మన పుస్తకాలు అన్ని బళ్ళకీ రావాలి, అడుగుదాం. అవి వచ్చేలోపు మన వాకిట్లో మన మాట ఒకటి పలక మీద రాయించడానికి ఎవరి ఆర్డరూ అక్కర్లేదు. ఇప్పుడు పిల్లలకి ఇంట్లో కోయ, టీచర్ నోట్లో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. మూడు వాగులు ఒకేసారి దాటుతున్నారు. మొదటి అడుగు తెలిసిన రాయి మీద పడాలి కదా.

టైం గురించి. రోజూ పదిహేను నిమిషాలు, అంతకంటే వద్దు. నేను మొదట గంట కూర్చోబెట్టేదాన్ని. గంటలో మొదటి పావుగంట రాత, మిగతా ముప్పావుగంట శిక్ష. ఎండాకాలం సాయంత్రం, అన్నానికి ముందు, వెలుగు ఉండగానే. బోర్లా పడుకుని రాయనివ్వకండి. కింద కూర్చుంటే ఒళ్ళో అట్ట కాదు, ముందు పీట పెట్టండి. పొడుగు పెన్సిల్ కంటే వేలెడు పొట్టి పెన్సిల్ మేలు, పిడికిలితో పట్టుకోవడం కుదరదు, వేళ్ళతోనే పట్టుకోవాలి. మనం పారేసే ముక్కలే వాళ్ళకి సరిపోతాయి.

చెరిపే రబ్బరు దాచేశా. ఒక లైను రాశాక "ఇందులో నీకు ఏది బాగా వచ్చింది?" అని అడుగుతా. తనే ఒకటి చూపించి చుట్టూ సున్నా చుడుతుంది. నేను తప్పులకి ఎర్ర గీత పెట్టిన నాలుగు రోజుల్లో రానిది ఇలా వచ్చింది. ఎందుకంటే బాగున్నది ఏదో వెతకాలంటే తన అక్షరాలని తనే ఒకసారి చూసుకోవాలి. తిట్టించుకునే పిల్ల కాగితం వైపు చూడదు, మన మొహం వైపు చూస్తుంది.

మే నెల మొదట్లో తునికాకు మొదలైంది. అప్పుడు రాత నిజంగా పనిలోకి వచ్చింది. పొద్దున కోసుకొచ్చిన ఆకు మధ్యాహ్నం అందరం కూర్చుని కట్టలు కడతాం, కట్టకి 50 ఆకులు. సాయంత్రం కల్లంలో కట్టలు అప్పజెప్తే అక్కడ ఒకాయన లెక్క రాసుకుంటాడు. ఆయన రాసిందే లెక్క. మా అమ్మకి నోటి లెక్క బాగా వచ్చు, కానీ ఇరవై రోజుల తర్వాత "ఆ రోజు ఇన్ని కట్టలమ్మా" అంటే ఎదురు చూపించడానికి కాగితం లేదు. ఈసారి చిన్నదానికి ఒక నోట్‌బుక్ ఇచ్చి, రోజూ తారీఖు, కట్టలు రాయమన్నాం. అమ్మ చెప్తుంది, అది రాస్తుంది. మొదట్లో 6ని తిప్పి రాసింది, ఒకసారి 120కి 102 వేసింది. నాయనమ్మే "చదువు, ఏం రాసినవ్?" అని అడిగి తప్పు పట్టుకుంది. అక్షరం ముక్క రాని మా అమ్మ.

చివర్లో పైసలు ఇచ్చిన రోజు మా లెక్కకీ వాళ్ళ లెక్కకీ ఒక రోజు తేడా వచ్చింది. నోట్‌బుక్ చూపించాం. ఆయన తన కాగితం మళ్ళీ చూసుకుని సరిచేశాడు. గొడవేం జరగలేదు, మోసమని కూడా నేను అనను, మర్చిపోయి ఉండొచ్చు. కానీ ఏడేళ్ళ పిల్ల వంకరటింకర అంకెలు మా ఇంటికి ఒక రోజు కూలి తెచ్చిపెట్టాయి. ఆ కాగితం మీద దస్తూరికి పదికి రెండు మార్కులు కూడా రావు.

అందుకే అంటున్నా, చదువు రాని అమ్మానాన్నలు పిల్లల రాతకి సాయం చెయ్యలేరు అనే మాట తప్పు. మనమే ఆ మాట ఎక్కువ అంటాం, హాస్టల్‌లో చదివినవాళ్ళం. వాళ్ళు చెయ్యగలిగింది మూడు ముక్కలు. పక్కన కూర్చోవడం. "ఏం రాసినవ్, చదివి చెప్పు" అని అడగడం. పిల్ల రాతని ఇంటి పనికి వాడుకోవడం, సంతకి పోయేటప్పుడు ఉప్పు, నూనె, సబ్బు చిట్టీ రాయించడం, డబ్బాల మీద పేర్లు రాయించడం. చదివి చెప్పమంటే పిల్ల దించలేదు, చదవాల్సిందే. నన్ను ఆ రోజుల్లో ఒక్కరు "చదివి చెప్పు" అని అడిగి ఉంటే పేజీ నంబరు దించేదాన్ని కాదు.

ఒకటి రెండు జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఎడమ చేతితో రాసే పిల్లలని వదిలెయ్యండి. మా పక్కింటి బాబుది ఎడమ చెయ్యి. పెద్దవాళ్ళు "ఆ చెయ్యితో రాయొద్దు" అని కొడితే వాడు రెండు చేతులతోనూ రాయడం మానేశాడు. విల్లు పట్టేటప్పుడు, కొడవలి పట్టేటప్పుడు ఏ చెయ్యి వాటం అయితే అదే పట్టనిస్తాం, పెన్సిల్ దగ్గర మాత్రం ఎందుకు? కాగితం కొంచెం కుడివైపు వాల్చి పెడితే చాలు, రాసింది చేతి కింద చెదరదు.

ఇంకా, ఎంత ఓపిగ్గా చెప్పినా అక్షరాలు తిరగబడుతూనే ఉండే పిల్లలు కొంతమంది ఉంటారు. రెండో తరగతికి కొంత తిరగేయడం మామూలే. పై తరగతులకి పోయినా అలాగే ఉంటే, చదవడం కూడా చాలా కష్టమవుతుంటే బద్ధకం అని ముద్ర వెయ్యకండి. కళ్ళు చూపించండి, టీచర్‌తో మాట్లాడండి. వాళ్ళది వేరే రకం కష్టం, దెబ్బలతో పోయేది కాదు.

టీచర్ల మీద పోట్లాటకి కూడా పోవద్దు. మా ఊరి బడిలో ఒక్కరే టీచర్, అయిదు తరగతులు, రిజిస్టర్లు, భోజనం లెక్క. ఒక్కో పిల్ల వేళ్ళు పట్టుకుని దిద్దించే తీరిక ఆమెకి ఎక్కడిది? నేను పోయి "మేడం, ఇంట్లో ఇలా రాయిస్తున్నా" అని చెప్తే ఆమే అడిగింది, వల, పనస లాంటి గుణింతం లేని మాటల లిస్టు రాసిమ్మని. కొట్టే చోట మాత్రం కొట్టొద్దని అడగాలి. 2009 నాటి చదువు హక్కు చట్టం బడిలో పిల్లల్ని కొట్టకూడదని నిషేధించింది. అది బడికి ఎంత వర్తిస్తుందో మన ఇంటి స్కేలుకీ అంతే అని నేను నాకు చెప్పుకున్నా.

ఇప్పుడు అది ఎలా రాస్తుందని అడుగుతారు. నిజం చెప్తా. ముత్యాల్లా రాయదు. ఒత్తులు ఇంకా తప్పుతుంది. గీత దాటుతుంది. దసరాకి పోయినప్పుడు చూస్తే నెల రోజులు ఏమీ రాయనట్టుంది, మళ్ళీ మొదలుపెట్టాం. కానీ సంక్రాంతి అయ్యాక నేను హాస్టల్‌కి వచ్చేటప్పుడు నా పెట్టెలో ఒక కాగితం పెట్టింది. ఇక్కడికొచ్చి బట్టలు తీస్తుంటే దొరికింది. సగం కోయ, సగం తెలుగు, మొత్తం నాలుగు లైన్లు. మేక ఈనిందట. రెండు పిల్లలట. ఒకటి నల్లదట. చివర్లో "అత్త ఎప్పుడు వస్తవు" అని ఉంది.

పోయిన ఎండాకాలం అడిగిన ప్రశ్నకి ఇది తిరగేసింది. ఆ కాగితం నా దగ్గరే ఉంది. నా డిగ్రీ సర్టిఫికెట్లు పెట్టుకోబోయే కవర్లో పెట్టా.

మా అమ్మ సంగతి కూడా అడుగుతారేమో. చిన్నదానితో పాటు పలక మీద తన పేరులో మొదటి అక్షరం దాకా వచ్చింది. "నాకు కళ్ళు ఆనట్లేదు పో" అని పలక తోసేసింది. బ్యాంకులో ఇంకా వేలిముద్రే. అన్ని కథలూ సినిమాల్లా ముగియవు. ఈ ఎండాకాలం మళ్ళీ అడిగి చూస్తా.

ఇక నేను మిమ్మల్ని అడిగేది చెప్పి ముగిస్తా. ఈ సెలవుల్లో ఒక్కొక్కరం ఒక్క పిల్లని పట్టుకుందాం. తమ్ముడో, చెల్లో, మేనల్లుడో, పక్కింటి పిల్లో. రోజూ పదిహేను నిమిషాలు. పోయేటప్పుడు ఒక పలక, ఒక డబ్బా బలపాలు, ఒక రెండు గీతల కాపీ కొనుక్కుపోండి. మన ఒక్క రోజు టీ, సమోసా ఖర్చు కొంచెం ఎక్కువైతే అంతే. స్కేలు మాత్రం హాస్టల్లోనే వదిలేసి రండి. ఫోటో తీసి స్టేటస్ పెట్టాల్సిన పని లేదు. మన దగ్గర ఎన్జీవోలు తీసిన ఫోటోలు చాలానే ఉన్నాయి.

మీ భాషలో గుణింతాలు లేకుండా రాయగలిగే మాటలు ఏమున్నాయో కింద రాయండి. గోండి వాళ్ళు గోండిలో, కొలామి వాళ్ళు కొలామిలో, లంబాడీ తమ్ముళ్ళు వాళ్ళ గోర్ మాటలో, సవర అక్కలు సవరలో. పది పది మాటలు పోగైతే జూన్‌లో బళ్ళు తెరిచేసరికి మన పిల్లల చేతిలో మన మాటల లిస్టు ఒకటి ఉంటుంది. తప్పులుంటే పెద్దవాళ్ళు సరిదిద్దండి.

చేతిరాత బాగుంటే తలరాత బాగుంటుందో లేదో నాకు తెలియదు. మన తలరాత ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ చేతిరాతలో ఉంది. అది మాత్రం తెలుసు. మన పిల్లలది వంకరగా ఉన్నా సరే, వాళ్ళ చేత్తోనే రాయనిద్దాం.


జై ఆదివాసీ.